తీగ మన వీధిది, ధర ఢిల్లీది

ఒకప్పుడు గోడకి కన్నం పెట్టి ఇంట్లోకి వచ్చే తీగలు మూడు ఉండేవి. ఒకటి కరెంటుది, ఒకటి టెలిఫోనుది, ఒకటి కేబుల్ టీవీది. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందనుకోండి, కరెంటాఫీసుకి వెళ్ళి పోట్లాడేవాళ్ళం. టెలిఫోను మూగబోతే ఎక్స్‌ఛేంజికి పోయి చెప్పుకునేవాళ్ళం. మూడో తీగకి మాత్రం ఆఫీసు ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. దానికి ఉన్నదల్లా ఒక కుర్రాడు. నెల మొదటి వారంలో, సరిగ్గా మనం అంట్లు సర్ది ఓ కునుకు తీద్దామనుకునే వేళకి, రసీదు పుస్తకంతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. "ఈ నెల నించి ఇంకో ఇరవై పెరిగిందండీ" అనేవాడు. ఎవరు పెంచారయ్యా అంటే "పైవాళ్ళండీ" అనేవాడు.

ఈ పైవాళ్ళెవరో కనుక్కుందామని బయల్దేరితే అదో ముప్ఫై ఏళ్ళ చరిత్ర! రాజులూ యుద్ధాలూ లేవు గనక బడి పుస్తకాల్లోకి ఎక్కలేదు. (యుద్ధం ఒకటుంది లెండి, చెబుతాను.) కానీ పాల లెక్క పక్కనే కేబుల్ లెక్క కూడా రాసుకున్న ప్రతి ఇల్లాలూ ఈ చరిత్రలో ఉంది.

టీవీకి డబ్బు కట్టడం మనకి కొత్తేమీ కాదు. రేడియోకీ టీవీకీ కూడా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టే రోజులుండేవి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1980ల నడుమ ఆ లైసెన్సులు ఎత్తేశారు. ఆ తరవాత కొన్నేళ్ళు టీవీ చూడ్డం నిజంగా ఉచితం. ఆదివారం పొద్దున్న రామాయణానికి పక్క వీధివాళ్ళు కూడా వచ్చి చాప మీద కూర్చుంటే వాళ్ళకి కాఫీ ఖర్చే గానీ మనకి వేరే ఖర్చు లేదు.

కేబులు మొదట బొంబాయి మేడల్లో పుట్టింది. కింద ఎవరో ఒకరు వీసీఆర్‌లో సినిమా వేస్తే, తీగ ద్వారా పై అంతస్తుల వాళ్ళంతా చూసేవారు. ఆ తరవాత వచ్చింది నేను చెప్పిన యుద్ధం. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ వాళ్ళు ఆకాశం నించి తిన్నగా చూపిస్తూ ఉంటే, ఆ బొమ్మ పట్టుకునే గొడుగులు మన ఊళ్ళ డాబాల మీద మొలకెత్తాయి. ఆ ఏడాదే స్టార్, మరుసటి ఏడాది జీ. అయినా ఇంగ్లీషు వార్తల కోసం, హిందీ పాటల కోసం ఎంతమంది నెలనెలా డబ్బు కడతారు? 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాకనే కేబులు మన వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆ ఏడాది నించే ఆ ఖర్చు మన ఖర్చయింది.

ఆ తీగ ఎలా వచ్చిందో గుర్తుందా? ఒక డాబా మీంచి ఇంకో డాబాకి, అక్కణ్ణించి కొబ్బరిచెట్టుకి, చెట్టు మీంచి కరెంటు స్తంభానికి! ఊళ్ళో కాస్త చొరవ ఉన్న కుర్రాళ్ళు అప్పోసప్పో చేసి గొడుగు కొని, వీధులు పంచుకున్నారు. కాలవకి ఇవతల ఒకరివి, అవతల ఒకరివి. వంకాయలు ముదిరిపోయి ఉంటే ఇంకో బండి దగ్గర కొనుక్కుంటాం. కేబులుకి ఆ సౌకర్యం లేదు. మన వీధి ఎవరిదో మనమూ అతని వాళ్ళమే. ధర నచ్చకపోతే ఇల్లు మారడం ఒక్కటే దారి!

ప్రభుత్వం ఈ సంగతి గమనించకపోలేదు. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చారు, 1995లో అది కేబుల్ టెలివిజన్ చట్టం అయింది. దాని ప్రకారం అప్పట్లో కేబుల్ నడిపేవాళ్ళు పేరు నమోదు చేసుకోవాల్సి ఉండేది. ఎక్కడనుకున్నారు? హెడ్ పోస్టాఫీసులో! మన రేడియో లైసెన్సుల నాటి అలవాటు పోలేదు కాబోలు. ఎలాంటి కార్యక్రమాలు చూపించకూడదో చట్టంలో ఉంది. దూరదర్శన్ ఛానళ్ళు రెండైనా తప్పకుండా ఇవ్వాలని అప్పట్లో ఉండేది. నెలకి ఎంత తీసుకోవాలి, ఎంతకి మించి తీసుకోకూడదు అన్నది మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు.

చట్టాన్ని అమలు జరిపే అధికారులుగా కలెక్టరునీ, ఆయన కింద డివిజన్ మేజిస్ట్రేటునీ, పెద్ద నగరాల్లో పోలీసు కమిషనరునీ పెట్టారు. పాపం, జనం ఏం చేస్తారు? అధికారి ఉన్నాడు గనక అర్జీ పట్టుకు వెళతారు. సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే చోట పింఛను రాని ముసలమ్మ వెనకాల, పట్టాదారు పుస్తకం కోసం వచ్చిన రైతు వెనకాల వరసలో నిలబడి కేబుల్ ధర గురించి కాయితం ఇచ్చారనుకోండి. కలెక్టరుగారు నిజంగా కోపం తెచ్చుకున్నా ఏం చేయగలరు? చట్టం తప్పితే సదరు ఆపరేటరు యంత్రాలన్నీ జప్తు చేయగలరు. నెల డబ్బులో పది రూపాయలు తగ్గించలేరు. చెవిపోటని వెళితే చెవి కోసే అధికారమే గానీ చుక్కల మందు వేసే అధికారం లేదన్నట్టు!

మునిసిపాలిటీకి ఆ జప్తు అధికారం కూడా లేదు. మా వీధి ఆడవాళ్ళం ఒకసారి, అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు, వార్డు మెంబరు ఇంటికి కట్టగట్టుకుని వెళ్ళాం. ఆవిడ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, "మా ఇంటికీ అంతే తీసుకుంటున్నాడమ్మా, నేనెవరితో చెప్పుకోను?" అంది. అబద్ధం చెప్పలేదు. ఆవిడ చేతిలో వీధి దీపాలున్నాయి, కుళాయిలున్నాయి, చెత్తబండి ఉంది. మా వీధి మీద వేలాడే ఆ నల్లతీగ మాత్రం ఆవిడది కాదు.

లోకమంతా ఇంతేనా అంటే, కాదు. మన పిల్లలు వెళ్ళి కాపురాలు పెట్టిన అమెరికాలో కథ వేరేలా మొదలైంది. అక్కడ కేబులు 1948 ప్రాంతంలోనే పుట్టింది. పెన్సిల్వేనియా, ఆరెగాన్ లాంటి చోట్ల కొండల చాటు ఊళ్ళకి టీవీ బొమ్మ అందేది కాదు. ఎత్తైన చోట యాంటెన్నా నిలబెట్టి అక్కణ్ణించి ఇళ్ళకి తీగ లాగారు. వీధి ఊరిది గనక వీధి వెంట తీగ లాగాలంటే ఊరి సభ అనుమతి కావాలి. దాన్ని ఫ్రాంచైజీ అన్నారు. ఆ ఒప్పందంలో ధర సంగతి కూడా ఉండేది. కంపెనీవాళ్ళు ధర పెంచాలంటే నగర సభకి వచ్చి, ఊళ్ళోవాళ్ళ ఎదట కారణాలు చెప్పుకోవాలి. మన వార్డు మెంబరుగారికి లేని పట్టు అదే.

కంపెనీలకి అది గొంతులో ముల్లులా ఉండేది. 1984లో వాళ్ళ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఊళ్ళు కంపెనీ రాబడిలో 5 శాతం దాకా రుసుము తీసుకోవచ్చు, కానీ 1986 చివరి నించి చాలాచోట్ల ధర జోలికి పోకూడదు. ఇందులో చమత్కారం చూడండి. ధర పెరిగితే రాబడి పెరుగుతుంది, రాబడి పెరిగితే ఊరికొచ్చే అయిదు శాతమూ పెరుగుతుంది. ఫిర్యాదు వినవలసినవాడికి కూడా అందులో చిన్న వాటా!

ధరలు ఎగిరాయి. ఊళ్ళోవాళ్ళు నగర సభలకి వచ్చి కేకలేశారు. మా చేతిలో లేదన్నారు మేయర్లు. ఆ కేకలు వాషింగ్టన్ దాకా వెళ్ళాయి. ధరల మీద అదుపు ఎత్తేసిన తరవాత కేబుల్ అద్దె మామూలు ధరల కన్నా దాదాపు మూడు రెట్లు పెరిగిందని 1992 చట్టంలోనే రాసుకున్నారు. అధ్యక్షుడు, పెద్ద బుష్ గారు, దాన్ని తిప్పికొట్టాడు. ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. రెండు సభలూ మళ్ళీ ఓటు వేసి ఆయన మాట తోసిపుచ్చాయి. ఆయన నాలుగేళ్ళ పదవిలో అలా తోసేసిన వీటో అదొక్కటే! ఎన్నో పెద్ద విషయాల్లో నెగ్గిన మనిషి కేబుల్ బిల్లు దగ్గర ఓడిపోయాడు.

దాంతో ఊళ్ళకి పాత పట్టు కొంత తిరిగొచ్చింది. అందరికీ ఇచ్చే అడుగు ప్యాకేజీ ధరని నగర సభే తనిఖీ చేయవచ్చు. ధరలు 17 శాతం దాకా తగ్గేలా 1994లో నియమాలు రాశారు. అయితే ఆ పని చేయాలంటే ఊరు ముందు ఢిల్లీలాంటి ఓ పెద్ద కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి, తరవాత కంపెనీ లెక్కలు అర్థం చేసుకోవాలి. చాలా చిన్న ఊళ్ళు ఆ జోలికే పోలేదు. పై ప్యాకేజీల మీద అదుపు 1999 మార్చితో తీరిపోయింది. 2015లో, కేబులుకి పోటీగా డిష్‌లు ఉన్నాయి గదా అని, అడుగు ప్యాకేజీ మీద ఊళ్ళకున్న అధికారం కూడా దాదాపు అంతటా తీసేశారు. ఈ "పోటీ ఉంది గదా" అన్న మాట గుర్తుంచుకోండి. మనకీ వస్తుంది.

ఇక మన ఇంటికొద్దాం. అసలు కుర్రాడు చెప్పిన పైవాళ్ళెవరు? పైన ఛానలు వాళ్ళున్నారు. 2000 ప్రాంతం నించి మంచి ఛానళ్ళు ఒకటొకటే డబ్బు ఛానళ్ళయ్యాయి. ఒక ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి తీగ ఉందో ఆపరేటరు చెబితే, ఇంటికింతని ఛానలుకి కట్టాలి. ఆ లెక్క చూసే మీటరు లేదు. వెయ్యి ఇళ్ళున్నవాడు రెండొందలే ఉన్నాయనేవాడు. వాడు అబద్ధమాడుతున్నాడని ఛానలు వాళ్ళకి తెలుసు గనక ఇంటి రేటు పెంచేవారు. రేటు పెరిగింది గదా అని ఆపరేటరు వెయ్యి ఇళ్ళ దగ్గరా వసూలు చేసేవాడు. ఇద్దరి అబద్ధానికీ రొక్కం మనం చెల్లించేవాళ్ళం. బేరం చెడిన రోజు ఛానలు ఆగిపోయేది, అదీ సీరియల్లో కోడలు నిర్దోషి అని తేలబోయే రోజునే!

దీనికి మందు అని 2002లో చట్టాన్ని సవరించారు. ఇంటికో పెట్టె పెడతారు, కావలసిన డబ్బు ఛానళ్ళే కొనుక్కోవచ్చు, ఉచిత ఛానళ్ళ ప్యాకేజీకి ప్రభుత్వమే ధర నిర్ణయిస్తుంది అన్నారు. ఆ ధర 2003లో 72 రూపాయలు. ముందు నాలుగు మహానగరాల్లో మొదలుపెడదామనుకున్నారు. ఢిల్లీలో ఆ డిసెంబరులో శాసనసభ ఎన్నికలు. ఓటు అడగబోయే ఇంటికి పెట్టె కొనుక్కోమని ఎవరు చెబుతారు? అక్కడ వాయిదా. ఇంకోచోటా వాయిదా. చివరికి 2003 సెప్టెంబరు 1న ఒక్క చెన్నైలోనే మొదలైంది. ఆ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళని అడగండి, తెలుగు ఛానళ్ళ కోసం ఆ పెట్టె కొనాలా వద్దా అని ఇంటింటా ఎంత తర్జనభర్జన జరిగిందో చెబుతారు. చాలామంది కొననే లేదు.

2004 జనవరిలో కేబులు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేతికి వచ్చింది. వారం తిరక్కుండా వాళ్ళో ఆజ్ఞ వేశారు: 2003 డిసెంబరు 26 నాటికి ఎంత తీసుకుంటున్నారో అంతకు మించకూడదు. బాగానే ఉంది! కానీ ఆ నాటికి ఎంత తీసుకున్నారన్నదానికి సాక్ష్యమేది? మా అమ్మ మాత్రం పాల చీటీ నించి చాకలి పద్దు దాకా అన్నీ ఇనపకమ్మీకి గుచ్చి దాచేది గనక మా పుట్టింట్లో రసీదుంది. తక్కిన ఇళ్ళల్లో కుర్రాడు చింపి ఇచ్చిన ఆ పచ్చ కాయితం పిల్లల పడవైపోయింది. పైగా వీధికో ధర. పేటలో వంద కడితే కాలనీలో రెండొందలు.

ఆ తరవాత 2006లో ఢిల్లీ హైకోర్టు గద్దించాక, మిగతా మూడు నగరాల్లో కొన్ని పేటలకి పెట్టెలు వచ్చాయి. అక్కడ ఉచిత ప్యాకేజీ 77 రూపాయలు, డబ్బు ఛానలు ఏదైనా అయిదు రూపాయలకి మించరాదు. 2007 అక్టోబరులో తక్కిన దేశానికి కూడా గీతలు గీశారు. ఊరి స్థాయిని బట్టీ ఛానళ్ళ సంఖ్యని బట్టీ 77 నించి 260 దాకా. ఇంత చక్కని పట్టికను మీ వీధిలో ఎవరైనా గోడకి అంటించగా చూశారా? నేను చూడలేదు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. అది ధర నిర్ణయిస్తుంది, గుమ్మంలో కుర్రాడితో మాట్లాడదు. ఆ పట్టిక కన్నా ఎక్కువ తీసుకున్నాడని నిరూపించాలంటే వినియోగదారుల ఫోరానికి ఎక్కాల్సి వచ్చేది. ముప్ఫై రూపాయల కోసం రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి ఎవరు వెళతారు? ఆ ధైర్యంతోనే గదా ముప్ఫై పెంచేది!

ఈ మధ్యలో ఒక వింత. జిల్లాకో పర్యవేక్షణ సంఘం పెట్టమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది. కలెక్టరు అధ్యక్షుడు, ఎస్పీగారు ఉంటారు, స్త్రీ సంక్షేమం చూసే సంస్థ తరఫున ఒకరు, జిల్లాలోని మహిళా కళాశాల ప్రిన్సిపాలు ఒకరు. చదివి ఎంత మురిసిపోయానో! చివరికి మన గోడు వినే చోట మన ఆడవాళ్ళని కూర్చోబెట్టారు అనుకున్నా. కింద చదివితే, ఆ సంఘం చూడవలసింది అసభ్యత ఉందా, మతాల మధ్య చిచ్చు పెడుతున్నారా అన్నది. అవసరమే, కాదనను. కానీ నెల ధర ఎంత అన్నది ఇంట్లో లెక్క చూసే స్త్రీకి తెలిసినంత ఎస్పీగారికి తెలుస్తుందా?

ధర నిజంగా తగ్గిన చోటు తమిళనాడు. అక్కడ కేబులు సింహభాగం కరుణానిధిగారి మనవళ్ళ వరసవారి చేతిలో ఉండేది. 2007లో ఆ ఇంట్లో తగువొచ్చింది. ఆ ఏడాదే ప్రభుత్వం తన సొంత కేబుల్ సంస్థ పెట్టింది. 2008 చివర ఇంటివాళ్ళు రాజీపడ్డారు, సంస్థ పడకేసింది. 2011లో జయలలిత గెలిచి దాన్ని లేపి, సెప్టెంబరు నించి నెలకి 70 రూపాయలకే కేబులు అంది. నూటయాభైలూ రెండొందలూ కట్టిన ఇళ్ళవి! ఏళ్ళ తరబడి ఇల్లాళ్ళు పెట్టుకున్న మొర ఒక ఎత్తు, ఒక్క ఇంట్లో వచ్చిన తగువు ఒక ఎత్తు. ఏది పనిచేసిందో మీరే అనుకోండి.

మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారి చేత ఫైబర్‌నెట్ ప్రారంభం చేయించారు. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ కలిపి 149 రూపాయలకి ఇస్తామన్నారు. పల్లెల్లో అది చిన్న మాట కాదు. ఆ 149 తరవాత అలాగే నిలవలేదన్నది వేరే సంగతి.

అదే 2017 జూలైలో జీఎస్టీ వచ్చి రాష్ట్రాల వినోదపు పన్నుని కలిపేసుకుంది. ఒక్క మినహాయింపు ఉంచారు. పంచాయతీకి, మునిసిపాలిటీకి వినోదం మీద పన్ను వేసే హక్కు రాజ్యాంగంలో మిగిలింది. మా వార్డు మెంబరుగారికి ఈ సంగతి తెలుసో లేదో! కేబుల్ ధర తగ్గించలేని ఊరికి దాన్ని పెంచే దారి మాత్రం భద్రంగా ఉంది.

2019 ఫిబ్రవరిలో కొత్త ధరల పద్ధతి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళల్లో తెల్లకాయితాలు ఖర్చయ్యాయో లెక్క లేదు. వంద ఛానళ్ళకి 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, దాని మీద కావలసిన ఛానళ్ళు విడిగా. గుత్తలో ఇచ్చే ఛానలు ఏదీ 19కి మించకూడదు. ఎవరికి కావలసింది వారు ఎంచుకుంటే బిల్లు తగ్గుతుందన్నారు. ఒంటరిగా ఉండి వార్తలు, భక్తి కార్యక్రమాలు చూసుకునేవాళ్ళకి తగ్గింది కూడా. మామగారికి వార్తలు, మగవాళ్ళకి క్రికెట్టు, పిల్లలకి బొమ్మలు, అత్తాకోడళ్ళకి చెరో రెండు ఛానళ్ళ సీరియళ్ళు ఉన్న ఇంట్లో ఎలా తగ్గుతుంది? కాయితం మీద కూడి చూస్తే పాత బిల్లు దాటింది. అప్పుడు ఏ ఛానలు కొట్టేయాలన్న చర్చలో ఎవరి ఛానలు మొదట పోయిందో నేను చెప్పక్కర్లేదు. ఏడాది తిరక్కుండా, 2020లో, అదే 130కి రెండొందల ఛానళ్ళు ఇవ్వమన్నారు.

2024 జూలైలో ట్రాయ్ ఆ 130 గీత కూడా చెరిపేసింది. డిష్‌లున్నాయి, సెల్‌ఫోన్లున్నాయి, జనం ఎటైనా పోవచ్చు, ధర సంగతి బజారే చూసుకుంటుందన్న ధోరణి. 2015లో అమెరికా ఊళ్ళకి చెప్పిన మాటే తొమ్మిదేళ్ళకి మన గుమ్మానికి వచ్చింది. పిల్లలకి అది నిజమే, వాళ్ళు టీవీ వంక చూసి ఎన్నాళ్ళయిందో. మా పెద్దత్తగారికి ఎనభై దాటాయి. ఫోనులో అక్షరాలు కనబడవు, తీగ తప్ప దిక్కులేదు. ఆవిడతో "ఇప్పుడు చాలా పోటీ ఉందిట పెద్దత్తా" అని చెబితే, "ఉండకేం, ఏడున్నరకి రెండు ఛానళ్ళలోనూ మంచి సీరియళ్ళే" అంది.